ఒక్క గట్టు, పలువురు బాటసారులు

అరణ్యమార్గములందు అశ్వారూఢులకును, కొండసైకిళ్లపై విహరించువారికిని నడుమ పాశ్చాత్యదేశములలో అర్ధశతాబ్దిగా సాగుచున్న వివాదమును గూర్చి వినినప్పుడు, కోనసీమవాసికి అది తనకు సంబంధింపని దూరదేశపు తగవుగా తోచుట సహజము. అమలాపురము మొదలు రాజోలు వఱకును, కొత్తపేట మొదలు అంతర్వేది వఱకును ఎంత తిరిగినను ఇచట కొండ యొక్కటియు కానరాదు. అడవి యనదగినది సముద్రపుటొడ్డున మడచెట్లును సరుగుడు తోపులును మాత్రమే. అయినను బాట ఎవరిది, ఎదురుపడినప్పుడు ఎవరు తప్పుకొనవలెను, చెడినప్పుడు ఎవరు బాగుచేయవలెను అను మూడు ప్రశ్నలచుట్టును ఆ తగవు తిరుగుచుండగా, ఆ మూడును మన కాలువగట్లమీదను, ఏటిగట్లమీదను, పుంతలలోను ప్రతిదినము మనకెదురగుచున్నవే. అచట గుఱ్ఱము, ఇచట గేదె. అచట కొండసైకిలు, ఇచట కొబ్బరికాయల బస్తాలు వేసికొనిపోవు సైకిలు. బాట మాత్రము రెండుచోట్లను ఇరుకే.

గట్టు నీటికొఱకు పుట్టినది. ఈ మాటను మఱచుటవలననే పెక్కు చిక్కులు కలుగుచున్నవి. ధవళేశ్వరము దిగువన గౌతమీ వసిష్ఠలుగా చీలిన గోదావరి నడుమ నెలకొని, వైనతేయ పాయచేత మఱల ఖండింపబడిన ఈ లంకభూమికి, సర్ ఆర్థర్ కాటన్ 1847లో ప్రారంభించి 1852లో ముగించిన ఆనకట్ట మూలమున సాగునీరు స్థిరపడినది. బొబ్బర్లంకవద్ద బయలుదేఱి లొల్ల లాకులవద్ద శాఖలుగా విడిపోవు కాలువల కిరుప్రక్కలను, త్రవ్విన మన్ను పోయగా గట్లేర్పడినవి. వరదనుండి ఊళ్లను కాపాడుటకై నదుల వెంబడి ఏటిగట్లు లేచినవి. వైనతేయను దాటించి రాజోలు ప్రాంతమునకు నీరు కొనిపోవుటకై ఇంజనీరు హేగ్ దొర 49 కమానులతో గన్నవరమువద్ద అక్విడక్టు కట్టించెను. ఇంత మన్ను, ఇంత సున్నము, ఇంత శ్రమ నీటికొఱకు వ్యయమైన పిదప, ఆ మట్టికట్టలే ఈ సీమలో మిట్టనేల కావున, వర్షకాలమున పాదము తడవకుండ పోవుటకు మఱియొక దారి లేక జనులు వాని నెక్కిరి. నడక ఇచట నీటివెనుక వచ్చిన అతిథి.

అట్లని ఆ నడక మొదటినుండియు అక్రమమని చెప్పరాదు. డెల్టా కాలువలు సేద్యమునకే కాక పడవల రాకపోకలకును తగినట్లు కట్టబడినవి. లాకులు అందుకే పుట్టినవి. గాలి లేనప్పుడు పడవను లాగుటకు మనుష్యులు తాడు భుజమున వేసికొని గట్టువెంట నడచుచుండిరి. ధాన్యపు పడవ లాగువాడు ఒకవైపునుండియు, పశువుల మంద వేఱొకవైపునుండియు వచ్చినప్పుడు, లాగుడుతాడు నేలకు జానెడెత్తున సాగియుండుట చేత మందను ఆపక తప్పెడిది కాదు. బరువు లాగువానికి దారి యిచ్చుట అను ధర్మము శాసనములచే వచ్చినది కాదు. తాడు తగిలి పశువు పడునను భయము చేతను, ఆగిన పడవను మఱల కదల్చుట ఎంత కష్టమో తెలిసియుండుట చేతను వచ్చినది. ఈ దారుల వెంట రేవునుండి రేవునకు నడచిన బాటసారులకు అన్నము పెట్టియే లంకల గన్నవరము డొక్కా సీతమ్మగారు (1841–1909) ఆంధ్రదేశమెల్ల ప్రసిద్ధి గాంచిరి; పి. గన్నవరమువద్ద వైనతేయపై నిర్మింపబడిన నూతన అక్విడక్టునకు ఆమె పేరు పెట్టుట ఎంతయు ఉచితము.

గట్టు సర్కారుది కాగా, పుంత ఊరిది. పొలములకును ఊరికిని నడుమ బండ్లు, పశువులు పోవుటకై విడిచిన ఈ దారులు గ్రామపటములందు పోరంబోకుగా గుర్తింపబడియున్నను, నేలమీద వాని వెడల్పు పటములోని వెడల్పుతో సరిపడుట అరుదు. ఇరుప్రక్కల రైతులు ఏటేట జానెడేసి కలుపుకొనగా, రెండు బండ్లు తప్పుకొనదగిన పుంత ఒక బండికే చాలని సందు అగును. పిదప ట్రాక్టరు వచ్చినప్పుడు, కలుపుకొన్నవాడే దారి లేదని మొఱపెట్టును. ఒకరి పొలము మీదుగా ఇరువది సంవత్సరములు నిరాటంకముగను, బాహాటముగను, హక్కుగను నడచినచో ఆ నడక హక్కగునని 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టము చెప్పుచున్నది. కాని ఆ హక్కును కోర్టులో నిరూపించుటకు పట్టు కాలములో రెండు తరముల స్నేహము చెడుచుండుట ఈ సీమలో ఎఱుగనివారు లేరు. సర్వేయరును పిలిచి, ఇరుపక్షముల సమ్మతితో రాళ్లు పాతించుకొనుట దీనికన్న చవక. దానికి కావలసినది పెద్దమనుష్యుల పూనిక.

ఎదురుపడినప్పుడు ఎవరు తప్పుకొనవలెనను ప్రశ్నకు వచ్చుచున్నాను. సాయంవేళ కాలువలో మునిగి లేచిన గేదెల మంద గట్టెక్కి యింటిమొగము పట్టినప్పుడు, పాలక్యానులు తగిలించుకొన్న సైకిలువాడో, కొబ్బరి దింపు ముగించుకొని మోకుతాడు హ్యాండిలుకు చుట్టుకొని వచ్చు కార్మికుడో ఎదురగును. తెలిసినవాడు దూరమునుండియే గంట కొట్టి, దిగి, సైకిలును తోటవైపు కంచె కానించి నిలిచి, గేదెలకు కాలువవైపు విడిచిపెట్టును. తెలియనివాడు నీటివైపున ఖాళీ కనబడెనని జొరబడును. బెదరిన గేదె నీటివైపే దూకును గనుక మనిషియు సైకిలును కాలువలో పడుదురు. ఒడ్డున గడ్డి కోయువారు గాని, బట్టలుతుకువారు గాని ఉన్నచో అపాయము ఇంకను హెచ్చు. పశువు ఏవైపున పాఱునో తెలిసికొని ఆవైపు విడుచుటలోనే ఈ మర్యాద యంతయు ఇమిడియున్నది.

కొండబాటలలో అశ్వమునకును ఈ సూత్రమే, దిక్కు మాత్రము వేఱు. గుఱ్ఱము వేటాడబడు జంతువు. వెనుకనుండి చప్పుడు లేక వేగముగ వచ్చు దేనినైనను అది క్రూరమృగముగనే భావించును. బెదరినచో మిట్టవైపు పరుగెత్తును. అందువలన సైకిలువాడు దూరముననే ఆగి, పల్లపువైపునకు తొలగి, మాటలాడవలెనని అచటి అనుభవజ్ఞులు చెప్పుదురు. మానవకంఠము వినగానే గుఱ్ఱము ఎదుటిది మనిషియని గుర్తించి శాంతించును. 1976లో కాలిఫోర్నియాలోని టమాల్పాయిస్ పర్వతప్రాంతమున కొందఱు యువకులు పాతసైకిళ్లపై కొండవాలున జాఱుపందెములు మొదలిడినది లగాయితు, అప్పటికే ఆ బాటలను వాడుచున్న రౌతులకును పాదచారులకును వారితో కలహమేర్పడెను. 1988లో స్థాపింపబడిన అంతర్జాతీయ మౌంటెన్ బైసికిలింగ్ సంఘము తన సభ్యులకు విధించిన నియమములలో సైకిలువాడు అందఱికిని దారి యీయవలెననియు, జంతువులను బెదరింపరాదనియు ఉండుట ఆ కలహమునకు ఫలము. బ్రిటనులో అంతకుముందే, 1968 నాటి గ్రామీణప్రాంతముల చట్టము గుఱ్ఱపుబాటలపై సైకిళ్లను అనుమతించుచు, సైకిలువాడు నడచువారికిని రౌతులకును దారి విడువవలెనని షరతు పెట్టినది. హక్కును, దాని వెనువెంటనే బాధ్యతను ఒక్క శాసనములోనే వ్రాసిన ఆ పద్ధతి నాకు మిక్కిలి నచ్చినది.

మన గట్లమీద ఇట్టి శాసనము లేదు. ఉండవలసిన అవసరమును నేటివఱకు అంతగా కలుగలేదు. కాని ఇప్పుడు కలుగుచున్నది. నడచువాడు, పశువు, సైకిలు ఇంచుమించు ఒకే వేగమున సాగిన కాలమున చూపులతోనే సర్దుబాటు జరిగెడిది. మోటారుసైకిలు వచ్చిన పిదప ఆ చూపులకు వ్యవధి లేదు. ప్రభుత్వము తొమ్మిదవ తరగతి బాలికలకు సైకిళ్లు పంచిన కాలమునుండి బడివేళలందు గట్లమీద పిల్లల వరుసలు సాగుట ఎంత ముచ్చట గొల్పునో, వారి ప్రక్కనుండి ఇసుక ట్రాక్టరు దూసికొనిపోవుట అంత గుండె గుభేలుమనిపించును. వేగమున్నవాడు తగ్గవలెను, బరువున్నవాడు ఆగవలెను, ప్రాణభయము లేనివాడు ప్రాణభయమున్నవానికి దారి యీయవలెను. ఈ విషయమున ఉభయపక్షముల వాదములను సమముగ తూచవలసిన పని లేదు.

బాటను ఎవరు పాడుచేయుచున్నారను ప్రశ్న మాత్రము తూచి చూడవలసినది. ఏలయన ఇందు లోకవాడుక యొకటి, పరీక్షాఫలము వేఱొకటి. సైకిలు చక్రము గాడి చేయును గనుక అదియే దోషియని రౌతులు పెక్కేండ్లు వాదించిరి. అమెరికాలోని మోంటానా రాష్ట్రపు అడవిబాటలపై విల్సన్, సేనీ అను పరిశోధకులు బాటను తడిపి పరీక్షించి 1994లో ప్రకటించిన ఫలితములలో, గుఱ్ఱపుగిట్టలే మన్నును అన్నిటికన్న హెచ్చుగా వదులుచేయునవిగా తేలెను. కాలినడక సైతము చక్రములకన్న హెచ్చు మన్ను కదిపెను. గిట్ట బరువునంతను కొద్దిచోట మోపి లోనికి దిగి, పైకి లేచునప్పుడు మన్నును పెల్లగించును. చక్రము అదిమి పోవును. అయినను చక్రము చేసిన గాడి ఎడతెగక సాగుట వలన వాననీటికి అది కాలువగా మాఱును. తడినేలపై ఎవరు నడచినను దోషులే, పొడినేలపై దాదాపు అందఱును నిర్దోషులే అనునది ఈ వాదములన్నిటినుండి నేను గ్రహించిన సారము.

ఇది కోనసీమ నల్లమట్టికి ఇంకను వర్తించును. సార్వా నాట్లకాలమున గట్టుపై ఒక్కసారి బరువు ట్రాక్టరు పోయినచో చక్రముల జాడలు మోకాటిలోతు దిగును. తరువాత సైకిలువాడు ఆ గాడులను తప్పించుకొనుటకై గట్టు అంచునకు జరుగును. అతని వెనుక పశువులు అంచును త్రొక్కును. అంచు విఱిగి కాలువలోనికి జాఱును. మన్నుతో పూడిన కాలువలో గుఱ్ఱపుడెక్క తిష్ఠవేయును. నీరు క్రిందికి పాఱదు. శివారు చేనికి నీరందలేదని రైతు లస్కరును నిందించును గాని, ఆ కథ మొదలైనది వానలో గట్టెక్కిన బండివద్దనని తలపడు. నడుమ ఎత్తుగను, ప్రక్కలు వాలుగను ఉన్న గట్టుపై వాన నిలువదు. నడుమ పల్లమైన గట్టుపై వాననీరు పోవుటకు దారి లేక గట్టునే తినును. అడవిబాటలు కట్టువారును నీటినే ప్రధానశత్రువుగా ఎంచి, బాటను కొండవాలునకు అడ్డముగ, పల్లపువైపు కొంచెము వంచి కట్టి, నీరు పలుచగా పరచుకొని జాఱిపోవునట్లు చేయుదురు. విద్య యొక్కటే, నేల వేఱు.

ఇక బాగుచేయుట. ఇందే అసలు కొఱత ఉన్నది. ఏటికట్టలు, కాలువగట్లు తెగు ప్రమాదమున్నప్పుడు గ్రామములలోని శ్రామికవర్గము వారు వచ్చి పనిచేయవలెననియు, ఆచారముగా వచ్చుచున్న మరమ్మతుపనిని ఎగవేయరాదనియు 1858లో మద్రాసు రాజధానికై శాసింపబడెను. కుడిమరామత్తు అను పేరిట దక్షిణదేశమున పూర్వమునుండియు ఉన్న సమష్టిశ్రమకు అది రాజముద్ర. ఆ పద్ధతిలో బీదలపై బలవంతమును, కులముపేర పనిభారమును లేకపోలేదు. కావున దానిని యథాతథముగ పునరుద్ధరింపుమని ఎవ్వరును కోరరాదు. కాని అది పోయిన పిదప దాని స్థానమున వచ్చినదేమి? గట్టు జలవనరుల శాఖది, దానిపై పఱచిన రోడ్డు పంచాయతీరాజ్ శాఖదియో, రోడ్లు భవనముల శాఖదియో కావచ్చును, నడచునది అందఱును. గుంట పడినప్పుడు ఆ అందఱినుండియు, ఆ శాఖలన్నిటినుండియు ఒక్క పార మన్ను రాదు. 1997లో వచ్చిన చట్టము ప్రకారము నీటి వినియోగదారుల సంఘము లేర్పడి, నీటితీరువా చెల్లించు రైతులకు కాలువల నిర్వహణలో పాలు కల్పించుట గొప్ప ముందడుగే. అయినను ఆ సంఘములందు ఆయకట్టు రైతుకు చోటున్నట్లు, గట్టును దినము నాలుగుసార్లు త్రొక్కు పాలవానికిని, దింపు కార్మికునికిని, ఒలుపు కార్మికునికిని చోటు లేదు. వాడువారు వేఱు, నిర్ణయించువారు వేఱు అగుటచే బాట అనాథ యైనది.

శాఖల రాక కొఱకు వేచియుండక జనులే చేసికొను చిన్నపనులు లేకపోలేదు. పుంతలో బురద మోకాలు మించినప్పుడు కొబ్బరిడొక్కలు బండెడు తెచ్చి పరచుదురు. బోదె దాటుటకు కూలిన కొబ్బరిచెట్టు దుంగను అడ్డముగ వేయుదురు. డొక్క పీచు నీటిని పీల్చి కొంతకాలము అడుగు నిలుపును గాని, రెండు వానలకు అదియు కుళ్లి బురదలో కలియును. ఉపాధి హామీ పథకము క్రింద పుంతలపై మన్ను పోసిన ఊళ్లలో మేలు కనబడినది. అయితే మురుగునకు తూము పెట్టక మన్ను మాత్రమే పోసినచోట ఆ మేలు ఒక్క వర్షకాలముతో సరి. పరదేశపు ఉదాహరణ యొకటి ఇచట చెప్పదగినది. 1973లో మోంటానాలో మొదలైన బ్యాక్ కంట్రీ హార్స్‌మెన్ అను రౌతుల సంఘమువారు, యంత్రవాహనములు పోరాని అరణ్యములలోనికి తమ గుఱ్ఱములపై రంపములు, గునపములు, ఆహారము మోసికొనిపోయి, బాటలు బాగుచేయు స్వచ్ఛందసేవకులకు అందించుచుందురు. అనేక ప్రాంతములందు సైకిలు సంఘములవారు వారితో కలిసి మన్ను త్రవ్వుట మొదలిడిన పిదప, పూర్వపు వైరము చాలవఱకు చల్లారినది. కలిసి చెమటోడ్చినవారు బాటమీద ఎదురుపడినప్పుడు కసరుకొనరు.

కొందఱు బాటలను వేఱుచేయుటయే పరిష్కారమందురు. స్థలమున్నచోట అది మేలే. అమెరికాలో టాహో సరోవరమును చుట్టివచ్చు కొండబాట యొక్క ఒక భాగములో సైకిళ్లకు సరిసంఖ్య తేదీలయందే ప్రవేశమిచ్చి, కాలమునే పంచిరి. బాటను వెడల్పు చేయుట ఇంకొక త్రోవ. మన రాష్ట్రములోనే పాడేరు మన్యమున, కొండగ్రామముల గిరిజనులు నేటికిని గుఱ్ఱములపై బరువు వేసికొని సంతలకు దిగివచ్చుచుండ, ఆ దారులనే క్రమముగ మోటారుబాటలుగ వెడల్పు చేయుచున్నారు. అటవీహక్కుల చట్టము, 2006 ప్రకారము అడవిలో ఊరి అవసరములకు రోడ్డు వేయుటకు గ్రామసభ సిఫారసు కావలెను. హెక్టారునకు 75 చెట్లకు మించి కొట్టరాదు. చెట్లు కొట్టుటకు హద్దు గీచి, ఆ నిర్ణయమును ఊరి చేతిలో ఉంచిన ఆ నిబంధన మైదానపు పుంతలకును ఆదర్శప్రాయము. కోనసీమ గట్టుమీద మాత్రము వేఱు బాటకు చోటు లేదు. ఒకవైపు నీరు, ఒకవైపు తోట. ఇచట పంచుకొనుట ఇష్టానుసారము చేయు దానము కాక అనివార్యమైన బ్రతుకుతీరు.

ఆ బ్రతుకుతీరు పరాకాష్ఠ నొందునది కనుమనాడు, జగ్గన్నతోట ప్రభల తీర్థమున. ఏకాదశరుద్రులుగా పూజింపబడు పదునొకండు గ్రామముల శివులు, వెదురుతో కట్టి రంగురంగుల వస్త్రములతో, నెమలిపింఛములతో అలంకరించిన ప్రభలపై, భక్తుల భుజములెక్కి అచటికి తరలివత్తురు. దారి ఇరుకగుటచే ప్రభలు కొబ్బరితోటల నడుమను, పచ్చని దాళ్వా చేలలోను సాగును. గంగలకుఱ్ఱు, గంగలకుఱ్ఱు అగ్రహారము ప్రభలు కౌశికను దాటి వచ్చునప్పుడు, నడుములోతు నీటిలో మోయువారి కేకల నడుమ గట్లు రెండును జనముతో కిటకిటలాడును. చేను త్రొక్కబడిన రైతు దానిని నష్టముగా ఎంచక భాగ్యముగా ఎంచును. మఱునాడు ఒరిగిన పైరును సవరించుకొనును. 2023 గణతంత్రదినమున ఢిల్లీ వీథులలో మన రాష్ట్రపు శకటముపై ఈ తీర్థమే ప్రదర్శింపబడెను. ఒక్కరోజున దైవమునకు పంటచేను విడిచిన ఉదారచిత్తము, మిగిలిన దినములలో పొరుగువాని బండికి పుంతలో జానెడు నేల విడుచుటకు ఏల వెనుదీయునో నాకు బోధపడదు. ఆ ఔదార్యము మన రక్తములో లేనిదైనచో నేనీ మాట అనియుండను.

గట్టు బలము కేవలము సౌకర్యమునకు సంబంధించినది కాదనుటకు వరదలే సాక్షి. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహము వచ్చినప్పుడు ఏటిగట్లు తెగినచోట్ల ఊళ్లు మునిగినవి; లంకలనుండి వచ్చిన జనము, పశువులు నిలిచిన గట్లపైనే దినములు గడపిరి. 1996 నవంబరు 6వ తేదీనాటి తుపానులో కొబ్బరిచెట్లు లక్షలుగా కూలి దారులన్నియు మూసికొనిపోగా, గొడ్డళ్లు పట్టి దుంగలను నఱికి ముందుగా దారి తెఱచినది ఊరివారే. 2022 జులైలో మఱల గోదావరి పొంగినప్పుడు ఇసుకబస్తాలు మోసినవారిలో ఆ గట్టు క్రింద భూమి లేనివారెందఱో ఉండిరి. విపత్తులో అందఱిదైన గట్టు, వాన వెలిసినంతనే ఎవరిదియు కాకుండ పోవుట మనము మాన్పుకొనవలసిన అలవాటు.

దాళ్వా కోతలు ముగిసి కాలువలు కట్టివేయు వేసవిదినములు ఏటేట వచ్చుచునే యున్నవి. మన్ను పొడిగనుండి, పనికి చేతులు దొరకు కాలమదియే. ఆ రోజులకు ముందే ప్రతి గ్రామసభయు తన పుంతలను, గట్లను గ్రామపటముతో సరిచూచి హద్దురాళ్లు పాతించి, గట్టుపై సైకిలు త్రొక్కువారిని, పశువులు తోలువారిని నీటిసంఘపు సమావేశమునకు పిలిచి, నడుము ఎత్తుచేసి ప్రక్కలకు వాలు కట్టవలసిన చోట్లు గుర్తించి, జూన్ మొదలు నాట్లు ముగియు వఱకు బరువు ట్రాక్టరులు గట్టెక్కరాదని లాకులవద్దను వంతెనలవద్దను పలకలు కట్టింపవలెనని కోనసీమ సర్పంచులకును, సంఘాధ్యక్షులకును, ఇది చదువు ప్రతి రైతునకును నా విన్నపము.